పులి, మేక, గడ్డిమోపు

ఒక ఏటి యొడ్డున ఒకడు నిలిచియున్నాడు. వానివెంట ఒక పులియు, ఒక మేకయు, ఒక గడ్డిమోపును కలవు. పడవ చిన్నది. అది వానితోపాటు ఒక్కదానిని మాత్రమే మోయగలదు. వాడు దగ్గఱ లేనిచో పులి మేకను తినును. మేక గడ్డిని తినును. మూడింటిని క్షేమముగా ఆవలి యొడ్డునకు చేర్చుట యెట్లు?

ఈ చిక్కుప్రశ్నను మనలో పెక్కుమంది చిన్ననాటనే విన్నవారము. అమ్మమ్మయో, తాతయో, పెద్దతరగతిలో చదువు అన్నయో మనకు దీనిని చెప్పియుందురు. కాని వేయియేండ్లకు పైబడి ఐరోపాఖండమున ఒక పంతులు పేర చెలామణియైన పాఠము గూడ ఇదియే యని యెఱిగినవారు కొలదిమంది. ఆ చరిత్ర చెప్పుటకును, ఉపాధ్యాయవృత్తిలో నేను చేసిన యొక పొరపాటును ఒప్పుకొనుటకును ఈ ప్రసంగమును వినియోగించుకొనుచున్నాను.

ఆ పంతులు పేరు ఆల్క్విన్. ఇంగ్లండులోని యార్కు పట్టణమున చదివి, అచటి బడికే పెద్దయై, పిమ్మట ఫ్రాంకుల రాజగు షార్లమేను పిలుపున ఆయన యాస్థానమునకు పోయి, రాజునకును రాజు పరివారమునకును చదువు చెప్పినవాడు. 804లో మరణించెను. పడుచువారి బుద్ధికి పదును పెట్టు ప్రశ్నలు అను అర్థము వచ్చు పేరుతో లాటిను భాషలో 53 ప్రశ్నల చిన్న సంపుటమొకటి కలదు. దానిని కూర్చినవాడు ఆల్క్వినే యని పండితులు తలంతురు. అందలి ప్రశ్నలో పులికి మాఱుగా తోడేలును, గడ్డికి మాఱుగా క్యాబేజీయు నున్నవి. మేక మాత్రము మేకయే.

దాని విడుపు మీకు తెలిసినదే. మొదట మేకను దాటింపవలెను. వట్టిపడవతో మరలివచ్చి పులిని కొనిపోవలెను. అటనుండి తిరిగి వచ్చునపుడు మేకను వెంటబెట్టుకొని రావలెను. మేకను ఈవలి యొడ్డున దింపి, గడ్డిమోపును దాటించి, మరల వట్టిపడవతో వచ్చి కడపట మేకను కొనిపోవలెను. పడవ మొత్తము ఏడు మాఱులు ఏఱు దాటును. ఇందలి కీలకమంతయు మేకను వెనుకకు తెచ్చుటయందే యున్నది. ఒకమాఱు దాటించినదానిని మరల వెనుకకు తెచ్చుటకు పిల్లల మనస్సు ఒప్పుకొనదు. చేసిన పని చెడగొట్టినట్లు వారికి తోచును. ఆ సంకోచమును దాటినపుడే విడుపు దొరకును. ఎక్కముల పుస్తకము ఈ సంగతిని నేర్పజాలదు.

ఆ సంపుటముననే మఱియొక ప్రశ్న కలదు. ఒక గృహస్థుని యింట నూర్గురు జనులు కలరు. నూఱు కొలతల ధాన్యమును వారికి పంచవలెను. పురుషునకు మూడేసి కొలతలు, స్త్రీకి రెండేసి, పిల్లవానికి అరకొలత. పురుషులెందఱు, స్త్రీలెందఱు, పిల్లలెందఱు? పుస్తకము చెప్పిన జవాబు పురుషులు 11, స్త్రీలు 15, పిల్లలు 74. లెక్క సరిపోవును. ఐనను 17 మంది పురుషులు, అయిదుగురు స్త్రీలు, 78 మంది పిల్లలు అనినను సరిపోవును. ఓపికతో వెదకినచో మూడు తెగలవారును ఉండునట్టి జవాబులు ఆఱు లభించును. పుస్తకము ఒక్కదానిని మాత్రమే చెప్పి యూరకున్నది. ఈ సంగతిని శ్రోతలు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాను. నా పొరపాటునకును దీనికిని సంబంధము కలదు.

ఇట్టి ప్రశ్న మన దేశమునకు క్రొత్త కాదు. రాష్ట్రకూట చక్రవర్తియగు అమోఘవర్షుని కాలమున, అనగా తొమ్మిదవ శతాబ్దమున, మహావీరాచార్యుడను జైన పండితుడు గణితసార సంగ్రహమను గ్రంథమును సంస్కృతమున రచించెను. చెన్నపట్టణమున ఆచార్యపదవియం దుండిన రంగాచార్యులవారు 1912లో దీనిని ఇంగ్లీషు అనువాదముతో అచ్చువేయించిరి. అందొక రాజకుమారుని వినోదమునకై నూఱు పణములకు నూఱు పక్షులను కొనితెమ్మని యొకనిని పంపుదురు. మూడు పణములకు అయిదు పావురములు, అయిదు పణములకు ఏడు సారసములు, ఏడు పణములకు తొమ్మిది హంసలు, తొమ్మిది పణములకు మూడు నెమళ్లు. ఏ పక్షులను ఎన్నేసి కొనవలెను? 15 పావురములు, 28 సారసములు, 45 హంసలు, 12 నెమళ్లు అనినచో పక్షులు నూఱు, పణములు నూఱు. ఇదియు ఒక జవాబు మాత్రమే.

మహావీరుని గ్రంథమును తెలుగు పద్యములలోనికి తెచ్చినవాడు పావులూరి మల్లన. తెలుగులో మనకు దొరకిన గణితగ్రంథములలో అదియే మొదటిదని ప్రసిద్ధి. లెక్కలు చెప్పుటకు కవిత్వ మేల యని నేడు మనకు తోచవచ్చును. కాగితము లేని కాలమున పద్యమే పుస్తకము. తాటియాకు పోయినను పద్యము నోట నిలుచును. తరువాత 1150లో భాస్కరాచార్యుడు లీలావతిని రచించెను. అందలి తుమ్మెదల లెక్క జగద్విదితము. ఒక తుమ్మెదల గుంపులో అయిదవవంతు ఒక పూవు మీదికిని, మూడవవంతు మఱియొక పూవు మీదికిని పోయినవి. ఆ రెండు సంఖ్యల భేదమునకు మూడురెట్లు వేఱొక చెట్టునకు పోయినవి. ఒక్క తుమ్మెద మాత్రము ఎటు పోవలెనో తెలియక గాలిలో తిరుగుచున్నది. గుంపులో తుమ్మెదలెన్ని? జవాబు పదునైదు. భిన్నముల లెక్కకు భయపడు పిల్లవాడు సయితము ఆ ఒంటి తుమ్మెదకై జాలిపడి లెక్క చేయును.

ఇంతటి సంపద యుండియు మన వీధిబడులలో పిల్లలకు అది యెంతవఱకు అందినది? మన్రోదొర చెన్నపట్టణమునకు గవర్నరుగా నున్నప్పుడు, 1822లో, జిల్లాలలోని బడులనుగూర్చి విచారింపుమని కలెక్టర్లకు ఉత్తరువు చేసెను. బళ్లారి కలెక్టరు క్యాంబెలు 1823లో నివేదిక పంపెను. తెలుగు వ్యాకరణము వ్రాసిన క్యాంబెలు ఇతడే. నేటి అనంతపురము సీమయు నాడు ఆ జిల్లాలోనిదే. 1882లోగాని అది వేఱుపడలేదు. ఆ నివేదిక ప్రకారము జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. అందు తెలుగు బడులు 226. తక్కువ ఖర్చుతో వ్రాత నేర్పుటను, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు పాఠము చెప్పు పద్ధతిని క్యాంబెలు మెచ్చుకొనెను. ఐతే పిల్లలు వల్లించు పద్యముల యర్థము వారికే తెలియదని దుఃఖించెను.

ఆయన మాటలో సత్యము కలదు. కాని చిక్కుప్రశ్నలు పల్లెలలో లేకపోలేదు. అవి బడి వెలుపల నుండెను. రాత్రి అరుగులమీద పొడుపుకథలు విప్పుచుండిరి. చెట్టునీడను బండమీద గీతలు గీచి పులిజూదము ఆడుచుండిరి. మూడు పులులను పదునైదు మేకలతో కట్టివేయుటకు ఎంత యాలోచన కావలెనో ఆడినవారికే తెలియును. బడిలో నోరు పనిచేసెను. బడి విడిచిన తరువాతనే బుద్ధికి పని దొరకెను. మన విద్యకు కలిగిన నష్టము నా దృష్టిలో ఈ యెడబాటే.

ఐరోపాలో ఈ యెడబాటును తొలగించుటకు కొందఱు పూనుకొనిరి. 1760 తరువాతి దశకమున లండనులో జాన్ స్పిల్స్‌బరీ యను పటముల చెక్కడపువాడు దేశపటమును పలుచని చెక్కపై అంటించి, దేశముల హద్దుల వెంబడి కోసి, ముక్కలను పిల్లల భూగోళవిద్యకై అమ్మెను. నేడు మనము చూచు ముక్కలపటముల యాట కదియే మూలము. జర్మనీలో ఫ్రోబెలు 1837లో చిన్నపిల్లల విద్యాలయము నెలకొల్పి, ఎనిమిది చిన్నదిమ్మెలుగా విడిపోవు చెక్కదిమ్మెను వారి చేతికిచ్చెను. 1907లో రోమునగరమున బీదల పేటలో మరియా మాంటిసోరి శిశుగృహమును తెఱచెను. ఆమె 1939లో చెన్నపట్టణపు అడయారునకు వచ్చి, యుద్ధకాలమంతయు ఈ దేశముననే గడపి, వందలకొలది ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను.

ఆమె పరికరములలో ఒక చెక్కపట్టె కలదు. దానిలో పది గుంటలు, వానికి తగిన పది గుండ్రని దిమ్మెలు. ఒక్క దిమ్మె తప్పుగుంటలో పడినచో, చివర మిగిలిన దిమ్మెకు తగిన చోటు దొరకదు. పిల్లవాడు తన తప్పును తానే కనుగొని తానే దిద్దుకొనును. తప్పని చెప్పుటకు పంతులును, బెత్తమును అక్కఱలేదు. చిక్కుప్రశ్నకు బడిలో నేల చోటీయవలెనను ప్రశ్నకు నేనెఱిగిన సమాధానములలో ఇదియే మేలైనది.

ఇక నా పొరపాటు. ముప్పదియేండ్ల క్రిందట నేనొక పల్లెబడిలో నాలుగవ తరగతికి పాఠములు చెప్పుచుంటిని. ఒకనాడు పులి, మేక, గడ్డిమోపు ప్రశ్నను నల్లబల్లపై బొమ్మగీచి యడిగితిని. లెక్కలలో వెనుకబడిన కుఱ్ఱవాడొకడు మొట్టమొదట చేయి యెత్తెను. వాని తండ్రి మేకలు కాచువాడు. సెలవుదినములలో వాడును మేకలవెంట పోవువాడు.

“మేకమూతికి చిక్కం కడితే సరిపోద్ది గదండీ, పంతులుగారూ” అని వాడనెను.

తరగతియంతయు నవ్వెను. నేనును నవ్వితిని. “నేనడిగినది అది కాదు, కూర్చో” అంటిని. వాడు ఇంకేమో చెప్పబోయి, వ్రేళ్లు ముడుచుచు లెక్కించుచుండెను. నేను వినిపించుకొనలేదు. ముందు బెంచీలోని పిల్ల ఏడు ప్రయాణములను చక్కగా చెప్పినది. ఆమెను మెచ్చుకొని పాఠము ముగించితిని. ఆ కుఱ్ఱవాడు ఆ సంవత్సరమంతయు నా తరగతిలో మరల చేయి యెత్తలేదు. మఱుసటి యేడు బడి మానివేసెను. మానుటకు వేఱు కారణములు నుండవచ్చును. కాని వాడు చేయి యెత్తకుండుటకు కారణము నేనే.

పెక్కేండ్లకు ఆల్క్విను ప్రశ్నలను చదువుచు, నూర్గురి లెక్కకు పుస్తకము చెప్పని జవాబులను వెదకుచుండగా, వాని మాట జ్ఞప్తికి వచ్చెను. కాగితము తీసికొని, మేకమూతికి చిక్కము కట్టి లెక్క చూచితిని. మేక గడ్డిని తినలేదు. కావున మొదట పులిని దాటింపవచ్చును. వట్టిపడవతో మరలివచ్చి గడ్డిమోపును దాటింపవచ్చును. మరల వచ్చి మేకను కొనిపోవచ్చును. దేనినిగాని వెనుకకు తేనక్కఱలేదు. ఏడు మాఱులు గాదు, అయిదు మాఱులే చాలును. ఆనాడు వాడు వ్రేళ్లపై లెక్కించినది ఆ అయిదే యని నా నమ్మకము.

వాని జవాబు తప్పు కాదు. పడవయు, తెడ్డును తప్ప వేఱు సాధనము లేదని నేను ముందుగా చెప్పియుండలేదు. నిబంధన చెప్పకపోవుట నా లోపము. దాని శిక్ష వానికి పడినది. వాడు ప్రశ్నను కథగా గాక నిజమైన పనిగా తలచి, తన యనుభవమును దానికి జోడించెను. విద్యవలన మనము కోరున దంతకంటె నేమి కలదు?

నాటినుండి చిక్కుప్రశ్న నడుగునపుడు మూడు నియమములను పాటించుచున్నాను. ఏది చేయవచ్చునో, ఏది చేయరాదో ముందుగా చెప్పుదును. మొదటి జవాబు వచ్చినంతనే ముగింపక, ఇంకొక త్రోవ కలదా యని యడుగుదును. వింతగా తోచిన జవాబును చివరవఱకు విని, బల్లపై వ్రాసి, పిల్లలచేతనే పరీక్షింపజేయుదును. ఖర్చు లేదు, పరికరములు అక్కఱలేదు. నాలుగు చింతగింజలును, ఒక సుద్దముక్కయు చాలును. కావలసినదెల్ల ఉపాధ్యాయుని యోపిక.

వినుచున్న తల్లిదండ్రులకును, తోడి ఉపాధ్యాయులకును ఒక మనవి. ఈ రాత్రి మీ యింటి పిల్లలకు మహావీరాచార్యుని నూఱు పక్షుల లెక్కను చెప్పుడు. నేను చెప్పిన జవాబును దాచియుంచుడు. 20 పావురములతో మొదలుపెట్టినచో వేఱొక జవాబు వచ్చును. దానిని నేను చెప్పను. పిల్లవాడు తడబడినచో తొందరపెట్టకుడు. వాడు మీరెదురుచూడని మాట చెప్పినచో నవ్వకుడు. వాని వ్రేళ్లవంక చూడుడు. వాడేమి లెక్కించుచున్నాడో యడుగుడు.