ముట్టుకుంటే పాయింటు: ఒక ఎరుకల అమ్మాయి కబడ్డీ జ్ఞాపకాలు, కొంచెం చరిత్ర

ఆటల్లో మన ఆడపిల్లల సంగతి ఎవరూ పెద్దగా రాసిపెట్టలేదు. నేను ఆడినంత వరకు, నాకు తెలిసినంత వరకు రాస్తున్నా. కొంచెం పొడుగైంది, తీరిగ్గా చదవండి.

మాది పల్నాడులో రాజుపాలెం వైపు. పిడుగురాళ్ల నుంచి సత్తెనపల్లి పోయే రోడ్డు తెలిసినవాళ్లకి కొండమోడు అడ్డరోడ్డు గుర్తుంటది, ఆ చుట్టుపక్కలే. మేం ఎరుకలవాళ్లం. అమ్మ బుట్టలు అల్లేది, నాయన కూలికి పోయేవాడు. సాయంత్రం పూట పిల్లలందరం ముట్టుకునే ఆట ఆడేవాళ్లం. ఆ ఆట మీ అందరికీ తెలుసు. ఒకరు దొంగ. మిగతావాళ్లు పరిగెత్తాలి. దొంగ ఎవర్ని ముట్టుకుంటే వాళ్లు దొంగ. పంటలేసి దొంగని తేల్చాలి కదా, ఊళ్లో పిల్లలతో కలిసి ఆడితే మాత్రం పంటలు ఉండేవి కావు. "నువ్వే దొంగ" అనేవాళ్లు. ఎందుకని అడిగితే నవ్వేవాళ్లు. ఇంకో చిత్రం కూడా ఉంది. నేను పోయి ముట్టుకున్నా, ముట్టుకోలేదని వాదించేవాళ్లు. వాళ్ల అమ్మలు అరుగుల మీద నుంచి చూస్తుండేవాళ్లు కాబట్టి ముట్టుకున్నట్టు ఒప్పుకోవడం వాళ్లకీ ఇబ్బందే అనుకుంటా. అట్లా పొద్దు గూకేదాకా నేనే దొంగని.

ఆ మాట ఊరికే వచ్చింది కాదని తర్వాత చదువుకుంటే తెలిసింది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది, అంటే మన గుంటూరు జిల్లాకీ వచ్చింది. ఫలానా కులంలో పుట్టినవాడు పుట్టుకతోనే నేరస్తుడని కాగితం మీద రాసుకున్నారు. రిజిస్టర్లో పేరు ఎక్కితే హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చీటీ ఉండాలి. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం ఆ కాలంలో ఎరుకలవాళ్ల కోసం పెట్టిన సెటిల్‌మెంటే, సాల్వేషన్ ఆర్మీ నడిపింది. మద్రాసు ప్రభుత్వం 1947లో ఆ చట్టం తీసేసింది, దేశం మొత్తం మీద 1952 ఆగస్టు 31న పోయింది. చట్టం అయితే పోయింది. మా తాత మాత్రం మేం రోడ్డు మీద పరిగెత్తితే కేకలేసేవాడు. "నడిచి రండే, పరిగెత్తబాకండి" అని. ఆయన చిన్నతనంలో ఎరుకలవాడు పరిగెత్తుతున్నాడంటే ఏదో ఎత్తుకెళ్తున్నట్టే లెక్కంట. నేను పరుగుకి ప్రైజు తెచ్చుకున్న రోజు కూడా తాత మొహంలో సంతోషం కంటే కంగారే ఎక్కువ కనపడింది.

ఇంక కబడ్డీ. మన పెద్దవాళ్లు దీన్ని చెడుగుడు అనేవాళ్లు. పొలాల్లో, ఎండిన చెరువుల్లో మగవాళ్లు వెన్నెల రాత్రుళ్లు ఆడుకునే ఆట. ఆడపిల్లలకి తొక్కుడుబిళ్ల, అచ్చనగాయలు ఇచ్చి కూర్చోబెట్టారు. కొలతలు, రూల్సు పెట్టుకుని అది జాతీయ పోటీ అయింది 1952లో, మద్రాసులో. మగవాళ్లకే. మూడేళ్లకి, 1955లో, కలకత్తాలో ఆడవాళ్ల జాతీయ పోటీలు మొదలైనయి. ఆ కాలానికి అది చిన్న సంగతి కాదు. పదిమంది చూస్తుండగా ఆడవాళ్లు ఒకళ్లనొకళ్లు కాళ్లు పట్టి లాగి కింద పడేసే ఆట అది. మన పల్లెల్లో ఇప్పటికీ కొందరు తల్లిదండ్రులు ఖోఖో అయితే సరే, కబడ్డీ వద్దు అంటారు. మగవాళ్ల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 వెడల్పు. మనది 12, 8. వాళ్లకి సగం ఆట 20 నిమిషాలు, మనకి 15. కోర్టు చిన్నది కాబట్టి కూతకెళ్లిన పిల్లకి తప్పించుకునే జాగా తక్కువ. అందుకే ఆడవాళ్ల కబడ్డీలో పట్టు బలంగా ఉంటదని నా అభిప్రాయం, ఒప్పుకోనివాళ్లు ఉండొచ్చు.

నేను హైస్కూలు హాస్టల్లో ఉండి చదివా. స్కూలు పేరు రాయను. గ్రౌండు అంతా నల్లరేగడి, ఎండాకాలం కాలి వేలు పట్టేంత నెర్రెలు. మా డ్రిల్లు మాస్టారు నీళ్లు చల్లించి, మట్టి కొట్టించి, పిడుగురాళ్ల సున్నం తెప్పించి గీతలు గీయించేవాడు. పిడుగురాళ్ల సున్నం బట్టీలు మనకి తెలియనివి కాదుగా, గీతలకి మాత్రం ఏనాడూ కరువు రాలేదు. బూట్లు లేవు. సాయంత్రానికి పాదాలు తెల్లగా పగిలి మంటలు. హాస్టల్లో కొబ్బరినూనె రాసుకుని పడుకునేవాళ్లం.

జట్టులో బొల్లాపల్లి వైపు తండాల సుగాలి పిల్లలు ముగ్గురు, ఒక యానాది పిల్ల, నేను, మిగతావాళ్లు ఊళ్లో నుంచి వచ్చే పిల్లలు. మొదటి రోజు మాస్టారు చెప్పిన మాట ఇప్పటికీ గుర్తుంది. "కూతకెళ్తే ముట్టుకునే రావాలి. ముట్టుకోకుండా వస్తే ఎందుకెళ్లినట్టు?" నాకు ఆ మాట విచిత్రంగా అనిపించింది. అన్నాళ్లూ ఎవర్నీ ముట్టుకోవద్దని చెప్పినవాళ్లే గానీ ముట్టుకురమ్మని పంపినవాళ్లు లేరు. పైగా ఇక్కడ ముట్టుకున్నానో లేదో వాళ్లూ నేనూ వాదించుకునే పని లేదు. రిఫరీ చెయ్యెత్తుతాడు, పుస్తకంలో అంకె పడుద్ది. ఇంటికి పోయినప్పుడు అమ్మ గెలిచారా ఓడారా అని అడిగేది కాదు. "ఎంతమందిని ముట్టుకొచ్చావే?" అనేది. ఆమెకి ఆటలో అర్థమైంది ఆ ఒక్కటే. ఇప్పుడు ఆలోచిస్తే ఆమెకే బాగా అర్థమైందనిపిస్తది.

పట్టు నేర్పేటప్పుడు అసలు తిప్పలు వచ్చింది. కబడ్డీ చూసినవాళ్లకి తెలుసు, మూలన నిలబడే పిల్ల, ఆమె పక్క పిల్ల చేతులు పట్టుకుని గొలుసులా కదలాలి. నేను ఎడమ మూల. నా పక్కన పడ్డ పిల్ల ఊళ్లో బాగా ఉన్నవాళ్ల అమ్మాయి. మంచిదే, నోరు తిరిగే రకం కాదు. కానీ నా చెయ్యి పట్టుకునేది కాదు. నా చొక్కా చెయ్యి అంచు పట్టుకునేది. రెండు వేళ్లతో. కూతకొచ్చిన పిల్ల మా ఇద్దరి మధ్యలో దూసుకుపోయేది, గుడ్డ జారిపోయేది. రెండు రోజులు చూసి మాస్టారు ఆట ఆపాడు. కులం సంగతి ఎత్తలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. "ఏందమ్మాయ్, గుడ్డ పట్టుకుంటే గొలుసు ఆగుద్దా? వేళ్లలో వేళ్లు పెట్టి పట్టుకోండి, లేకపోతే ఇద్దరూ బయట కూర్చోండి" అన్నాడు. ఆ పిల్ల నా మొహం చూడకుండా చెయ్యిచ్చింది. చెమట పట్టి ఉంది, వణుకుతా ఉంది. నాదీ అంతే.

అక్కడితో అంతా మారిపోయిందని రాస్తే బాగుంటది గానీ అట్లా జరగలేదు. కోర్టు లోపల నా చెయ్యి ఎంత గట్టిగా పట్టేదంటే గోళ్ల గుర్తులు పడేవి. ఆట అయ్యాక మంచినీళ్ల బిందె దగ్గర నేను ముంచుకున్న గ్లాసు ఆమె తీసుకునేది కాదు. సున్నం గీతకి అటు ఒక ఊరు, ఇటు ఒక ఊరు. బ్రహ్మనాయుడు మాచర్లలో చాపకూడు పెట్టి అన్ని కులాలనీ ఒక్క చాప మీద కూర్చోబెట్టాడని మన పల్నాటి కథ గొప్పగా చెప్పుకుంటాం. ఆ చాప ఎత్తేసిన తర్వాత ఎవరింటికి వాళ్లు ఎట్లా పోయారో కథలో ఉండదు.

2010లో నేను పదో తరగతి. జోనల్ గెలిచి జిల్లాకి పోయాం. అప్పటికి మాది గుంటూరు జిల్లానే. పల్నాడు జిల్లా వచ్చింది 2022 ఏప్రిల్ 4న. అందుకే నా సర్టిఫికెట్లో ఉన్న జిల్లా వేరు, ఇప్పుడు నా ఆధార్లో ఉన్న జిల్లా వేరు. జిల్లా పోటీలో రెండో మ్యాచే ఓడిపోయాం. చివర్లో మూడు పాయింట్లు వెనకబడి ఉన్నాం, నన్ను కూతకి పంపారు. ఇద్దర్ని ముట్టుకున్నా. గీత వైపు దూకేలోపు చీలమండ దొరకబుచ్చుకున్నారు. బోర్లా పడ్డా. నా వేళ్లకీ మధ్యగీతకీ జానెడు దూరం. కూత ఆగిపోయింది. ఆ జానెడు నేల నాకు ఇప్పటికీ కనపడుద్ది.

అదే సంవత్సరం నవంబర్లో చైనాలోని గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆడవాళ్ల కబడ్డీని మొదటిసారి పెట్టారు. మగవాళ్లకి 1990 బీజింగ్‌లోనే పెట్టారు, మనకి ఇరవై ఏళ్లు పట్టింది. ఫైనల్లో మనవాళ్లు థాయ్‌లాండ్‌ని 28-14తో ఓడించారు. పేపర్లో వచ్చిన ఫోటో కత్తిరించి హాస్టల్ గోడకి అన్నం మెతుకులతో అంటించాం.

తర్వాత డిగ్రీ అయ్యాక వ్యాయామ విద్య చదివేటప్పుడు రగ్బీ క్లాసులో టచ్ ఫుట్‌బాల్ ఆడించారు. ఇది 1968లో ఆస్ట్రేలియాలో, సిడ్నీ దక్షిణాన పుట్టిన ఆట. రగ్బీలోలాగా మీదపడి కూల్చడం ఉండదు, బంతి పట్టుకున్నవాళ్లని ముట్టుకుంటే చాలు, ఆగిపోవాలి. జట్టుకి ఆరుగురు, ఆరు ముట్లు అయితే బంతి అవతలివాళ్లది. 1988లో మొదటి ప్రపంచ కప్పు పెట్టినప్పుడే ఆడవాళ్లకీ విభాగం ఉంది. ముట్టుకునే ఆట కాబట్టి నాకు ఇట్టే పట్టుబడింది. మా బ్యాచిలో నగరం పిల్లలు వెనక్కి జరుగుతుంటే నేనూ ఇంకో సుగాలి అమ్మాయీ ముందుకే పోయేవాళ్లం. రగ్బీలో మన ఆదివాసీ పిల్లల దారి చూడాలంటే ఒడిశా చూడండి. భువనేశ్వర్‌లోని కిస్ ఆదివాసీ పిల్లలు చదివే సంస్థ, అక్కడి అమ్మాయిలు దేశం జట్టులో ఆడుతున్నారు. 2019లో మనీలాలో మన మహిళల జట్టు సింగపూర్‌ని 21-19తో ఓడించింది, పదిహేనుమంది ఆడే రగ్బీలో అదే మనకి మొదటి అంతర్జాతీయ గెలుపు. చివర్లో గెలిపించిన పెనాల్టీ కొట్టిన సుమిత్రా నాయక్ కిస్‌లో చదివిన పిల్లే.

మా జట్టు ఏమైందంటారా. సుగాలి పిల్లల్లో ఇద్దరికి ఇంటర్ కాకముందే పెళ్లిళ్లు అయినయి. యానాది పిల్ల మిరప కోతలకి పోయి తిరిగి రాలేదు. పల్నాడులో జనవరి నుంచి బడి ఎట్లా ఖాళీ అవుద్దో మీకు చెప్పక్కర్లేదు. నేను ఆ సర్టిఫికెట్ లామినేషన్ చేయించుకుని కేంద్ర ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాకి పోయా. అక్కడ అడిగేవి నాలుగు రకాల ఫారాలు: అంతర్జాతీయం, జాతీయం, యూనివర్సిటీల మధ్య పోటీలు, స్కూళ్ల జాతీయ పోటీలు. జిల్లా కాగితానికి అందులో చోటు లేదు. చెల్లెళ్లూ, ఇప్పుడు ఆడుతున్నవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోండి. జిల్లా దగ్గర ఆగితే ఆ కోటాలో ఆ కాగితం చెల్లదు. స్టేట్ సెలక్షన్‌కి పిలుపొస్తే బస్సు చార్జీలు లేవని మానుకోవద్దు, ఈ గ్రూపులో అడగండి.

2016లో టీవీలో ఆడవాళ్ల కబడ్డీ చాలెంజ్ అని మూడు జట్లతో పెట్టారు. ఫైనల్ జులై 31న హైదరాబాద్‌లోనే. స్టార్మ్ క్వీన్స్ ఒక్క పాయింటుతో, 24-23తో, ఫైర్ బర్డ్స్ మీద గెలిచింది. మగవాళ్ల లీగు ఏటా వస్తంది, ఇది మళ్లీ రాలేదు.

2023 డిసెంబర్లో ఆడుదాం ఆంధ్రా మొదలైనప్పుడు సచివాలయం స్థాయి పోటీలకి గీతలు గీయడానికి నన్ను పిలిచారు. పదిహేనేళ్లు దాటిన ఆడవాళ్లెవరైనా ఆడొచ్చు. ఒకామె చీర మీద టీషర్టు వేసుకుని, కొంగు నడుముకి బిగించి దిగింది. చంకలో పిల్లని నా చేతిలో పెట్టి కూతకెళ్లింది. ముగ్గుర్ని ముట్టుకుని వచ్చి పిల్లని తీసుకుని, "నేను స్కూల్లో ఆడానక్కా" అంది. ఏ ఊరని అడిగితే మాచర్ల అవతల ఒక తండా పేరు చెప్పింది.

ఇట్లాంటివాళ్లు మన ఊళ్లలో, తండాల్లో, పేటల్లో ఎంతమంది ఉన్నారో ఏ పుస్తకంలోనూ లేదు. మీ అమ్మని, అక్కని, పిన్నిని అడగండి. ఏ స్కూలు జట్టు, ఏ సంవత్సరం, కూతా పట్టా, ఎందుకు మానేశారు. ఫోటో ఉంటే పెట్టండి, లేకపోతే రెండు ముక్కలు రాయండి. నా దగ్గర ఒక నోటు పుస్తకం పెట్టుకున్నా. ఇప్పటికి పదకొండు పేర్లు ఎక్కినయి, అందులో ఒకటి ఎడమ మూల పక్కన నా చెయ్యి పట్టుకున్న ఆ పిల్లది.