సరే పుట్టిల్లు

రాయలసీమలోని రుద్రవరంలో ఎవరినైనా "రేపు పొద్దున్నే చేనికాడికి వస్తావాప్పా?" అని అడిగినప్పుడు "సరే" అన్నాడంటే వస్తాడు. "సరేలే" అంటే మాత్రం ఇంకో మనిషిని కూడా చూసి పెట్టుకోవడం మంచిది. ఆ "లే" చేరగానే మాటలో పట్టు సడలుతుంది. "అట్నే" అంటే ఎదుటివాడి మాటకు అడ్డు చెప్పడం లేదని. కథ వినేటప్పటి "ఊ" విన్నానన్న గుర్తే, అందులో ఒప్పుకోలు ఉండాలనేమీ లేదు.

సరే అనే మాట "సరి"కి "ఏ" చేరి పుట్టింది. ఈ సరి సంస్కృతం నుంచి తెచ్చుకున్నది కాదు. తమిళులు, కన్నడిగులు సరి అంటారు, మలయాళీలు శరి అంటారు. సరి అంటే సమానం. సరిబేసి ఆటలో, సరిజోడులో, సరితూగడంలో ఉన్నది అదే. సరే అన్నవాడు నీ మాటా నా మనసూ సమానంగా తూగాయని చెబుతున్నాడన్నమాట. "సరిహద్దు" కూడా ఈ ఇంటి మనిషే అనిపిస్తుంది గానీ, అది పారసీ "సర్‌హద్". మనవాళ్లు దానికి తెలుగు సరిని తొడిగారు.

"నిన్న నంద్యాల పోయినావా?" అంటే ఎవరూ సరే అనరు, ఔననే అంటారు. జరిగినదానికి ఔను, జరగాల్సినదానికి సరే. ఔను "అగు" అనే క్రియ నుంచి వచ్చింది: అగును, అవును, ఔను. దాన్ని కాదనే "కాదు"దీ అదే మూలం! చిత్రమేమిటంటే "కానీ" కూడా అక్కడిదే. "కానీ, మొదలుపెట్టు" అంటే అనుమతి. "వస్తాను, కానీ..." అంటే అడ్డంకి మొదలైనట్టే.

ఇప్పుడు ఫోన్లలో అందరిదీ "ఓకే". 1839లో అమెరికాలోని బోస్టన్ పత్రికవాళ్లు "ఆల్ కరెక్ట్" అన్న మాటను కావాలని తప్పు స్పెల్లింగుతో పొడి అక్షరాలు చేసి వేసిన సరదా అది.

ఆ ఓకే ఇంకా పుట్టని రోజుల్లో, ఇక్కడ దొరల కచేరీలో నోటిమాట సరే చెల్లేది కాదు. 1800లో నిజాం సీమ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి వదిలాక, థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ ప్రధాన కలెక్టరుగా ఉండి రైతువారీ పద్ధతిని పాదుకొల్పాడు. ఆ పద్ధతిలో సర్కారు పట్టా ఇచ్చేది, ఇంత శిస్తు కడతానని రైతు ముచ్చిలికా రాసిచ్చేవాడు. రైతు ఒప్పుకోలంతా ఆ కాగితంలోనే ఉండేది. భూమి వద్దనుకుంటే రాసిచ్చేది రాజీనామా, అంటే సమ్మతిపత్రం. "రాజీ" అరబ్బీ మాట, ఇష్టపడటమని అర్థం. కోర్టుల్లో రాజీ ఇంకా ఆ అర్థానికి దగ్గరగానే ఉంది. రాజీనామా మాత్రం భూమిని విడిచి కొలువుల్లోకి చేరింది. ఇవాళ మంత్రి రాజీనామా ఇచ్చాడంటే దేనికో సమ్మతించాడని ఎవరూ అనుకోరు.