కంచము పొత్తు

కులసభయందు చుట్టరికమును గూర్చి మాటాడుట సులభము. పిల్లనిచ్చి పుచ్చుకొనువారే చుట్టములని తేల్చినచో వ్యాసమిక్కడనే ముగియును. కాని పల్నాటి కథ యట్లు ముగియనీయదు.

నలగామరాజును మలిదేవరాజును అనుగురాజు బిడ్డలు. తల్లులు వేఱైనను తండ్రి యొక్కడే. ఆ రక్తసంబంధము గురజాల, మాచెర్ల యను రెండు గద్దెలుగా చీలెను. కోడిపోరు, వనవాసము, రాయబారము మీరెఱిగినవే. తుదకు 1182 ప్రాంతమున కార్యమపూడిలో నాగులేటి యొడ్డున దాయాదుల సేనలు ఒండొంటిని తెగటార్చుకొనెను.

మాచెర్ల మంత్రి బ్రహ్మనాయుడు వేఱొక చుట్టరికమును కల్పించెను. సర్వకులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి కుడిపించెననియు, మాలకులమున బుట్టిన కన్నమదాసును కొడుకుగా గైకొని సేనానాయకునిగా జేసెననియు వీరగాథ చెప్పుచున్నది. గాథ యంతయు చరిత్రము కాదందురు, ఒప్పుకొందును. అయినను దానిని తరతరములుగా పాడించుకొని విన్నవారి మనసు చరిత్రము కాదా? శ్రీనాథుని పేర ద్విపదగా వెలసినదియు నీ కథయే.

కూడు కలిసినంతనే చుట్టరికమగునా యని యడుగువారు మనలో కలరు. తోబుట్టువులు కత్తి దూసిన నాడు తన పక్షమున కత్తి పట్టి నిలిచినవాడు కొడుకు గాక మఱెవ్వడు?

నేటికిని కార్తికమాసమున కార్యమపూడి వీరులగుడి తిరునాళ్లలో చాపకూడు జరుగుచున్నది. ఇచ్చట మాత్రము సభానంతర భోజనములకు శాఖకొక పంక్తి వేయవలెనా, అందఱకు నొక్కటియేనా యని ఆహ్వానసంఘమువారు ఇంకను తర్జనభర్జన పడుచున్నారు.