అనంతపురం ఆహార చరిత్ర: సూక్ష్మ ఖనిజాలు, రోగనిరోధక శక్తి

ఏడాదికి సగటున సుమారు 550 మి.మీ. వర్షం పడే అనంతపురం మెట్టభూముల్లో కొర్ర, జొన్న, సజ్జ, రాగి తరతరాలుగా ప్రధాన ఆహారం. 20వ శతాబ్దంలో నూనెగింజలకు గిరాకీ పెరిగి, వేరుశనగ ఈ పంటల పొలాలను ఆక్రమించింది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం పథకాన్ని ప్రారంభించింది. కరువు ఇళ్లలో ఆకలిని తగ్గించిన ఈ పథకం, సంగటి స్థానంలో వరి అన్నం స్థిరపడడానికీ తోడ్పడింది.

ఈ మార్పు ఆరోగ్యానికి ఎలా సంబంధించినది? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల సజ్జల్లో ఇనుము సుమారు 6.4 మి.గ్రా., జింకు 2.8 మి.గ్రా. ఉంటాయి. పాలిష్ బియ్యంలో ఇవి 0.65, 1.2 మి.గ్రా. మాత్రమే. జింకు బాగా కొరవడితే థైమస్ గ్రంథి కుంచించుకుపోతుంది. వైరస్ సోకిన కణాలను నాశనం చేసే టి-కణాలు తగ్గుతాయి. పిల్లల విరేచనాలకు రోటావైరస్ ఒక ముఖ్య కారణం. విరేచనాల చికిత్సలో ఓ.ఆర్.ఎస్.తో పాటు 10-14 రోజులు జింకు ఇవ్వాలని 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ సిఫారసు చేశాయి.

అయితే రెండు విషయాలు గమనించాలి. ఖనిజాలు వైరస్‌ను చంపే మందులు కావు. లోపాన్ని పూరించి శరీర రక్షణను నిలబెడతాయి. చిరుధాన్యాల్లోని ఫైటేట్ ఖనిజాలు ఒంటబట్టకుండా అడ్డుకుంటుంది. నానబెట్టడం, మొలకెత్తించడం, అంబలిగా పులియబెట్టడం దాన్ని తగ్గిస్తాయి. కాబట్టి పంటతో పాటు వండే పద్ధతి కూడా చరిత్రకారుడు పరిశీలించవలసిన ఆధారమే.

మీ ప్రగతిని సరిచూసుకోండి: చౌక బియ్యం ఆకలిని తగ్గించినా, పోషకలోపాన్ని పూర్తిగా ఎందుకు తీర్చలేదు?