బేగంపేటలో దొరికిన దోమ: క్లారిటీ వచ్చిందా, కన్ఫ్యూజన్ పెరిగిందా?

సైన్స్ గురించి మన చుట్టూ రెండు మాటలు వినిపిస్తుంటాయి. ఒకటి, "సైన్స్ వచ్చాక ప్రపంచం అంతా క్లియర్ అయిపోయింది." రెండోది, "ఇవాళ ఒకటి చెప్తారు, రేపు ఇంకోటి చెప్తారు, అసలు వాళ్ళకే క్లారిటీ లేదు." కోవిడ్ టైంలో ఈ రెండో మాట ఎంత విన్నామో మీకు తెలుసు. దీని మీద థియరీ మాట్లాడితే తెల్లారిపోతుంది గానీ తేలదు. అందుకే ఒక్క కేసు తీసుకుందాం. అది మొదలైంది మన సికింద్రాబాద్‌లోనే.

1897 ఆగస్టు. బేగంపేటలో ఒక మిలిటరీ హాస్పిటల్. రోనాల్డ్ రాస్ అనే డాక్టర్ మైక్రోస్కోప్ ముందు కూర్చుని దోమల్ని కోస్తున్నాడు. పుట్టింది అల్మోరాలో, ఉద్యోగం ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో. ఉక్కపోత. పంకా లాగించుకుందామంటే కోసిన దోమ ముక్కలు ఎగిరిపోతాయి. నుదుటి చెమట కారి మైక్రోస్కోప్ స్క్రూలు తుప్పు పట్టాయి. రెండేళ్ళుగా ఇదే పని, రిజల్ట్ సున్నా.

ఆయన వెతుకుతున్నదేంటి? అంతకుముందు 1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచ్ డాక్టర్ మలేరియా రోగి రక్తంలో ఒక పరాన్నజీవిని చూశాడు. అది మనిషి ఒంట్లోకి ఎలా వస్తోందో మాత్రం ఎవరికీ తెలీదు. మలేరియా అనే పేరుకే ఇటాలియన్‌లో 'చెడు గాలి' అని అర్థం. మన దగ్గర మన్యం జ్వరం అనేవాళ్ళు. కొండల్లోకి పోతే పట్టుకుంటుందని మైదానం వాళ్ళకి భయం. గాలి అన్నా, నీళ్ళు అన్నా, కొండ అన్నా, అన్నీ ఊహలే. దోమ మీద అనుమానం ఉందని రాస్‌కి చెప్పింది లండన్‌లో ఆయన గురువు ప్యాట్రిక్ మాన్సన్. కాకపోతే మాన్సన్ ఊహ ఇంకోలా ఉంది: దోమ నీళ్ళలో చచ్చిపోతుంది, ఆ నీళ్ళు మనిషి తాగుతాడు, జబ్బు వస్తుంది. రాస్ అలాంటి నీళ్ళు మనుషుల చేత తాగించి కూడా చూశాడు. ఇవాళ అలా చేస్తే జైలే.

ఆ ఆగస్టులో ఆయన మనుషులు కొత్త రకం లార్వాలు తెచ్చారు. వాటి నుంచి వచ్చిన దోమల రెక్కల మీద మచ్చలున్నాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమతెరలో పడుకోబెట్టి వాటితో కుట్టించారు. ఒక్కో దోమకి ఒక అణా కూలి. మొత్తం పది దోమలు, పది అణాలు. నాలుగు రోజుల తర్వాత, ఆగస్టు 20న, మిగిలిన కొద్ది దోమల్లో ఒకదాని కడుపు కోసి చూస్తే, గోడలో గుండ్రటి కణం కనిపించింది. అందులో నల్లటి రేణువులు. సరిగ్గా మలేరియా పరాన్నజీవిలో ఉండే రేణువులే! మర్నాడు ఇంకో దోమలో అవే కణాలు, కొంచెం పెద్దవై. అంటే లోపల ఏదో పెరుగుతోంది.

ఇదిగో, క్లారిటీ అంటే ఇదే. వేల ఏళ్ళ ఊహలకి రెండు రోజుల్లో ముగింపు. ఆ తర్వాత ఆయన్ని రాజపుతానాకి ట్రాన్స్‌ఫర్ చేశారు, ఆనక కలకత్తా. 1898లో అక్కడ పక్షుల మలేరియా మీద పనిచేసి, పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథుల దాకా చేరుతుందని చూపించాడు. అదే ఏడాది ఇటలీలో గ్రాస్సీ బృందం మనిషి మలేరియాకి కారణం అనాఫిలిస్ దోమే అని తేల్చింది. 1902లో రాస్‌కి నోబెల్. క్రెడిట్ కోసం ఈ ఇద్దరూ జీవితాంతం కొట్టుకున్నారు, అదంతా ఇంకో ఎపిసోడ్ సరుకు.

కథ ఇక్కడ ఆగిపోతే 'సైన్స్ అన్నీ క్లియర్ చేసింది' అనే బ్యాచ్ గెలిచినట్టే. కానీ ఆగలేదు.

1902లో లాహోర్ దగ్గర మియాన్ మీర్ కంటోన్మెంట్‌లో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. లాజిక్ సింపుల్: దోమ వల్ల జబ్బు, కాబట్టి దోమలు పుట్టే నీళ్ళు తీసేస్తే జబ్బు పోతుంది. గుంటలు పూడ్చారు, నూనె చల్లారు. జ్వరాలు అనుకున్నంత తగ్గలేదు. చుట్టూ కాలవ నీళ్ళున్నాయి, బయటి నుంచి దోమలు వస్తూనే ఉన్నాయి. అధికారులు "ఈ పద్ధతి ఇక్కడ పనికిరాదు" అన్నారు. "అంత చిన్న స్థలంలో, అంత తక్కువ ఖర్చుతో చేస్తే ఏం తెలుస్తుంది" అని రాస్ మండిపడ్డాడు.

నాకు రాస్ నిజంగా నచ్చేది ఇక్కడ. ఆయన కోపంతో ఆగిపోలేదు, లెక్కలు పట్టుకున్నాడు. ఒక దోమ పుట్టిన చోటు నుంచి దిక్కూదారీ లేకుండా ఎగురుతూ పోతే చివరికి ఎంత దూరం చేరుతుంది? ఇలాంటి నడకకే 1905లో కార్ల్ పియర్సన్ 'ర్యాండమ్ వాక్' అని పేరు పెట్టాడు. తాగినవాడి నడక అన్నమాట. ఇవాళ స్టాక్ మార్కెట్ మోడల్స్‌లో వాడేది అదే. ఇక 1911 నాటికి రాస్ ఇంకో ముఖ్యమైన సంగతి లెక్కగట్టి చూపించాడు. మలేరియా పోవాలంటే ఆఖరి దోమ దాకా చంపక్కర్లేదు. కుట్టే దోమల్లో అన్నీ మనిషినే కుట్టవు, కుట్టినవన్నీ పరాన్నజీవి ఎదిగేదాకా బతకవు. కాబట్టి దోమల సంఖ్య ఒక హద్దు కిందికి దిగితే చాలు, జబ్బు దానంతటదే ఆరిపోతుంది. కోవిడ్ రోజుల్లో న్యూస్‌లో 'ఆర్ నాట్' అని విన్నారు కదా, దాని వెనకున్న ఆలోచన ఇదే.

1950ల్లో జార్జ్ మెక్‌డొనాల్డ్ ఈ లెక్కని ఇంకా ముందుకు తీసుకెళ్ళాడు. పరాన్నజీవి దోమలో సిద్ధం కావడానికి దాదాపు పది రోజులో ఇంకా ఎక్కువో పడుతుంది. అంటే ప్రమాదం ముసలి దోమలతోనే. రక్తం తాగిన దోమ బరువుగా వెళ్ళి ఇంటి గోడ మీద వాలుతుంది. ఆ గోడకి డీడీటీ కొడితే? మన దేశంలో 1953లో ఈ కార్యక్రమం మొదలైంది. అప్పటికి ఏటా సుమారు 7.5 కోట్ల కేసులు, 8 లక్షల మరణాలు అని అంచనా. 1965కి కేసులు లక్షకి పడిపోయాయి. ఒక్కసారి ఆ తేడా చూడండి.

అందరూ పని అయిపోయిందనుకున్నారు. 1976లో 64 లక్షల కేసులు. దోమలు డీడీటీకి అలవాటు పడ్డాయి, మందు సరఫరా సరిగ్గా లేదు, నిఘా సడలింది, నగరాల్లో ఇంకో రకం దోమ పెరిగింది.

రోగి ఒంట్లో జరిగేది ఇంకా విచిత్రం. దోమ కుట్టాక జ్వరం రావడానికి కొన్ని రోజులు పడుతుంది. మరి అన్ని రోజులు పరాన్నజీవి ఎక్కడుంటుంది? 1903లో షౌడిన్ అనే జర్మన్ శాస్త్రవేత్త అది నేరుగా ఎర్ర రక్తకణంలోకి దూరడం తాను చూశానన్నాడు. చాలా పెద్ద పేరున్న మనిషి, దాంతో దశాబ్దాల పాటు పుస్తకాల్లో అదే పాఠం. 1948లో షార్ట్, గార్న్‌హామ్ అసలు చోటు కనిపెట్టారు: కాలేయం. వైవాక్స్ రకం అక్కడ నెలల తరబడి నిద్రపోయి మళ్ళీ లేస్తుందని ఇంకా తర్వాత తెలిసింది. 'తగ్గిన మలేరియా మళ్ళీ తిరగబెట్టింది' అని ఇళ్ళలో అనుకునే మాట వెనక ఉన్నది చాలావరకు ఇదే.

దోమ సంగతీ అంతే. యూరప్‌లో కొన్ని చోట్ల అనాఫిలిస్ పుష్కలంగా ఉండేది, మలేరియా మాత్రం లేదు. 1926లో ఇటలీలో ఫాల్లెరోని గుడ్ల మీది డిజైన్లు వేరువేరుగా ఉన్నాయని గమనించాడు. ఒకటే అనుకున్న దోమ, నిజానికి అచ్చు ఒకేలా కనిపించే అనేక జాతులు. మన పల్లెల్లో మలేరియా తెచ్చే క్యూలిసిఫేసిస్ కూడా అయిదు జాతుల గుంపు. అందులో బీ అనే జాతి ఎక్కువగా పశువులనే కుడుతుంది, మనిషికి దాదాపు హాని చెయ్యదు. పక్క జాతి చేస్తుంది. కంటికి రెండూ ఒకటే.

మరి క్లారిటీనా, కాంప్లెక్సిటీనా? నేను కోడింగ్ ఉద్యోగంలో ఉన్నప్పుడు చూసిన తేడాతో చెప్తా. "యాప్ పనిచెయ్యట్లేదు" అనే కంప్లైంట్‌తో ఎవరూ ఏమీ చెయ్యలేరు. "ఫలానా బటన్ నొక్కితే, ఫలానా ఫోన్‌లో మాత్రమే ఆగిపోతోంది" అంటే పని మొదలవుతుంది. రాస్‌కి ముందు ప్రశ్న "ఈ జ్వరం ఎందుకు?" దానికి గాలి అన్నా తప్పని నిరూపించలేం. ఆయన తర్వాత ప్రశ్నలు "ఏ దోమ, ఏ వేళ, ఎవర్ని, ఏ గోడ మీద?" వీటి సంఖ్య చాలా ఎక్కువ. కానీ ప్రతిదానికీ వెళ్ళి చూసి, తప్పో ఒప్పో తేల్చుకోవచ్చు. షౌడిన్ తప్పు దొరికింది కూడా అలాగే. "మాట మారుస్తున్నారు" అని మనం విసుక్కునే చాలా సందర్భాల్లో జరుగుతున్నది ఇదేనని నా అభిప్రాయం. అయితే, ఒక సమాధానం దొరగ్గానే "అయిపోయింది" అని జెండా పాతడం, దానికి మూల్యం 1976లో పల్లెల్లో జనం కట్టారు.

ఇప్పటి లెక్క: డబ్ల్యూహెచ్‌ఓ ప్రకారం 2023లో ప్రపంచంలో మలేరియాతో చనిపోయినవాళ్ళు దాదాపు 6 లక్షల మంది, ఎక్కువమంది ఆఫ్రికాలో, అందులోనూ చిన్నపిల్లలు. అక్కడికి ఇప్పుడు మన వైపు దోమ ఒకటి చేరింది, పేరు స్టెఫెన్సై. ఇందాక నగరాల్లో పెరిగిందన్నానే, అదే. ఆఫ్రికా మలేరియా ఎక్కువగా పల్లెల్లో, వానాకాలంలో. ఇది మాత్రం ఊళ్ళో ఓవర్‌హెడ్ ట్యాంకుల్లో, డ్రమ్ముల్లో, మంచినీళ్ళలోనే పుడుతుంది, ఎండాకాలం కూడా ఆగదు. 2012లో జిబూతీలో కనిపించింది. 2022లో ఇథియోపియాలోని దిరే దావా నగరంలో వానల్లేని రోజుల్లో మలేరియా విజృంభిస్తే, పరిశోధకులు వెళ్ళి చూసింది నీళ్ళ ట్యాంకుల్లోకే. అందులో ఈ దోమ లార్వాలు ఉన్నాయి.