షాఫ్ట్ స్పైన్ ఎటు తిరిగితే బంతికేం?

గోల్ఫ్ షాఫ్ట్ చూపుకు నిఖార్సైన గొట్టమే. వేళ్ల మధ్య తిప్పుతూ వంచి చూస్తే మాత్రం ఒక దిక్కున కాస్త మొండికేస్తుంది, దానికి లంబంగా ఉన్న దిక్కున తేలిగ్గా లొంగుతుంది. గ్రాఫైట్ షాఫ్ట్‌లో ఈ తేడా తయారీలోనే పుడుతుంది. జిగురు పట్టించిన కార్బన్ పలకలను కడ్డీకి చుట్టి, కాల్చి, నునుపు చేస్తారు. పలకల అంచులు ఒకదానిమీదొకటి పడినచోట మందం పెరుగుతుంది. ఆ మొండి దిక్కును క్లబ్‌లు బిగించేవాళ్లు స్పైన్ అంటారు. దాన్ని వెతికి, లక్ష్యరేఖకు సరిపెట్టి హెడ్ అతికిస్తే బంతి తిన్నగా పోతుందన్నది వాదం. ‘ఎస్‌ఎస్‌టీ ప్యూర్’ లాంటి సేవలు దీనిమీదే నడుస్తున్నాయి.

ఈ వాదం ఏ దెబ్బకు వర్తిస్తుందో ముందు చూద్దాం. జెద్దాలోని అల్ అజీజియా భారతీయ కుటుంబాలకు బాగా తెలిసిన పేట. అక్కడినుంచి ఎర్ర సముద్రం వెంట ఉత్తరానికి నూరు కిలోమీటర్లు దాటి వెళ్తే రాయల్ గ్రీన్స్ కోర్సు వస్తుంది. 2019లో సౌదీ ఇంటర్నేషనల్ గోల్ఫ్ టోర్నీ మొదలైంది ఇక్కడే. తొలి విజేత డస్టిన్ జాన్సన్. 2022లో హెరాల్డ్ వార్నర్ చివరి హోల్‌లో 92 అడుగుల పట్‌తో గెలిచాడు. షాఫ్ట్ వంపుతో దాదాపు పనే లేని దెబ్బ అది! పట్టర్‌కు స్పైన్ చూడమని అడిగేవాళ్లు అరుదు. చర్చంతా డ్రైవర్ గురించే.

వర్క్‌షాపులో చూపించే రుజువు కంటికి గట్టిగానే తగులుతుంది. షాఫ్ట్ గ్రిప్ వైపును వైస్‌లో బిగించి, కొసకు బరువూ లేజర్ లైటూ కట్టి, లాగి వదులుతారు. గోడమీద ఎర్రచుక్క మొదట గీతలా ఊగి, క్రమంగా కోడిగుడ్డు ఆకారంలో తిరగడం మొదలెడుతుంది. షాఫ్ట్‌ను కాస్త తిప్పి మళ్లీ బిగిస్తే చుక్క గీత దాటదు. చూసినవాడు నమ్మక ఏం చేస్తాడు?

కానీ ఆ గుడ్డు ఏర్పడటానికి ఎంతసేపు పట్టిందో లెక్కగట్టాలి. ఒక దిక్కున నిమిషానికి 250 ఊపులు, లంబ దిక్కున 255 అనుకుందాం. సరిగ్గా మధ్య కోణంలో లాగి వదిలితే గీత పూర్తి వృత్తం కావడానికి 3 సెకన్లు పట్టాలి. క్లబ్ పైనుంచి దిగి బంతిని చేరడానికి పట్టేది సుమారు పావు సెకను. ఆ వ్యవధిలో పక్కకు జరిగేది ప్రధాన ఊపులో ఆరేడు శాతం మాత్రమే. దిక్కుల మధ్య బిగువు తేడా నాలుగు శాతమే కాబట్టి, నెమ్మదిగా వంచి చూస్తే ఇంకా తక్కువే: 5 సెంటీమీటర్లు వంగిన షాఫ్ట్ పక్కకు తప్పేది ఒక మిల్లీమీటరు. పైగా 200 గ్రాముల హెడ్ సెకనుకు 45 మీటర్ల వేగంతో తిరుగుతూ షాఫ్ట్‌ను దాదాపు 30 కిలోల బరువుతో బయటికి లాగుతుంటుంది. అలా లాగి పట్టిన షాఫ్ట్ ఇష్టమొచ్చినట్టు ఊగదు. వైస్‌లో ఈ లాగుడు లేదు, గ్రిప్ పట్టుకున్న మెత్తని చేతులూ లేవు. ఆటగాడు దెబ్బదెబ్బకీ క్లబ్ ముఖం మీద బంతి తగిలే చోటును జరిపే దూరం ముందు ఆ మిల్లీమీటరు ఏపాటి?

నా అంచనాలో ఈ సర్దుబాటు వల్ల సగటు ఆటగాడికి కొలవదగ్గ లాభం లేదు. తేడా నిజంగా పెద్దదైతే ఆ షాఫ్ట్‌ను సరిపెట్టడం దండగ, మార్చేయాలి. సెట్‌లోని ఐరన్లన్నీ ఒకేలా అనిపించడానికి చేయిస్తానంటే అభ్యంతరం లేదు. అమెరికా గోల్ఫ్ సంఘం కూడా తయారీ లోపాన్ని సవరించే సర్దుబాటును ఒప్పుకుంటుంది. దారితప్పే దెబ్బలను సరిచేయడానికి షాఫ్ట్‌ను ఫలానా దిక్కుకు తిప్పడాన్ని మాత్రం ఒప్పుకోదు.

జెద్దా ఎండలో కారు డిక్కీలో సెట్ వదిలేసే ఆటగాడు స్పైన్ కంటే హెడ్‌ను పట్టి ఉంచే ఎపాక్సీ జిగురు గురించి దిగులుపడాలి. హెడ్ ఊడదీయడానికి మెకానిక్ వాడేదీ వేడినే.

స్పైన్ సరిపెట్టడంలో ఇంకో చిక్కు ఉంది. నేటి డ్రైవర్లలో లాఫ్ట్ మార్చే స్లీవ్‌ను షాఫ్ట్‌కే అతికిస్తారు. చాలావాటిలో దాన్ని తిప్పితే షాఫ్టూ తిరుగుతుంది, డబ్బు పోసి సరిపెట్టించిన దిక్కు అక్కడితో పోయినట్టే. ఆ స్లీవ్‌తోనే పరీక్ష చేద్దామంటే కుదరదు, లాఫ్ట్ కూడా మారిపోతుంది కనుక. ఒకే తూకం గల రెండు హెడ్‌లకు ఒకే రకం షాఫ్ట్‌లను వేర్వేరు దిక్కుల్లో అతికించి, ఏది ఏదో కొట్టేవాడికీ కొలిచేవాడికీ చెప్పకుండా, వరసలు కలిపేసి కొట్టించాలి. వాదం నిలవాలంటే ఆ పరీక్షలో నిలవాలి. గోడమీద చుక్క చాలదు.