ఒక గుద్దుడుకు రెండు కేసులు

ముప్పై నాలుగేళ్ల తాపీమేస్త్రి పని ముగించుకుని మోపెడ్ మీద ఇంటికి వస్తున్నాడు. వెనక నుంచి వ్యాను గుద్దింది. ఆస్పత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. ఇది ఊహించి రాస్తున్న కథే, కానీ ఇలాంటిది జరగని మండలం ఉండదు. మర్నాటి నుంచి మేస్త్రి ఇంట్లోనూ, డ్రైవరు ఇంట్లోనూ కొన్ని కోర్టు మాటలు తిరగడం మొదలవుతుంది. రెండిళ్లలోనూ అవే మాటలు, అర్థాలు మాత్రం వేరు. అక్కడ నడిచేవి రెండు కేసులు మరి. డ్రైవరుకు శిక్ష వేయాలని ప్రభుత్వం నడిపేది ఒకటి. పరిహారం కోసం మేస్త్రి కుటుంబం వేసుకోవలసింది ఇంకొకటి. మొదటిది పోలీసులు చూసుకుంటున్నారు కదా అని రెండోదాన్ని మరచిపోయే కుటుంబాలున్నాయి. కాబట్టి ఆ మాటలను ఒక్కొక్కటిగా విప్పుకుందాం.

కేసు కట్టారు. ఎఫ్‌ఐఆర్ నమోదయిందని అర్థం. అంతకుమించి ఏమీ కాదు. నేరం జరిగిందని తేల్చే కాగితం కాదది, దర్యాప్తుకు తలుపు తీసే కాగితం. నేరం పోలీసులు నేరుగా కేసు కట్టదగినదైతే ఎఫ్‌ఐఆర్ రాయడం వాళ్ల ఇష్టాయిష్టాల మీద లేదని సుప్రీంకోర్టు 2013లో లలితా కుమారి కేసులో తేల్చింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, ప్రమాదం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా దగ్గరున్న స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వవచ్చు. జీరో ఎఫ్‌ఐఆర్ అనేది దీన్నే. ఫిర్యాదికి నకలు ఉచితం. మేస్త్రి భార్య ఆ నకలును పెట్టెలో భద్రంగా దాచుకోవాలి, ఎందుకో కింద తెలుస్తుంది.

నూట ఆరు. పాత వాళ్లు ఇంకా ‘304-ఎ’ అనే అంటారు. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే పెట్టే సెక్షన్ ఇది. పాత శిక్షాస్మృతిలో శిక్ష గరిష్ఠంగా రెండేళ్లు, భారతీయ న్యాయ సంహిత 106(1)లో అయిదేళ్లు. గుద్ది, ఎవరికీ చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా అన్న ఉపవిభాగం కూడా పుస్తకంలో ఉంది. 2024 జనవరిలో లారీ డ్రైవర్లు బళ్లు ఆపేసింది దాని మీదే. మిగతా చట్టం అమల్లోకి వచ్చినప్పుడు దాన్ని పక్కన పెట్టారు.

స్టేషన్ బెయిలు. దీన్ని పోలీసుల దయ అనుకుంటారు. 106(1) బెయిలబుల్ నేరం, అంటే పూచీకత్తు ఇస్తే వదలడం ముద్దాయి హక్కు. దానికోసం ఎవరికో ఏదో ముట్టజెప్పాలన్న మాట చట్టంలో ఎక్కడా లేదు. తాగి నడిపాడని తేలి సెక్షన్ 105 కింద కేసు కడితే మాత్రం సంగతి మారిపోతుంది, కోర్టు మెట్లెక్కాల్సిందే. ఏ సెక్షనైనా సరే, అరెస్టయినవాణ్ణి ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. కస్టడీలో ఉన్నవాడికి ఆదాయం ఎంతైనా ఉచిత వకీలును అడిగే హక్కుంది. న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100.

స్టేట్‌మెంటు. దర్యాప్తులో పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద చెప్పినవాడు సంతకం పెట్టనక్కర్లేదు, అసలు పెట్టించుకోకూడదు. పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 20(3)లో ఉంది. ఇక్కడే ఇంకో తంతు జరుగుతుంటుంది. నడిపింది లైసెన్సు లేని తమ్ముడైతే, లైసెన్సున్న అన్న స్టేషన్లో లొంగిపోతాడు. ఇన్సూరెన్సు పోతుందన్న భయం. నిజానికి లైసెన్సు లేకపోయినా చాలా కేసుల్లో బీమా కంపెనీ ముందు బాధితులకు కట్టి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోవాలని పరిహారం కేసులు విచారించే ట్రిబ్యునళ్లు ఆదేశిస్తాయి. తమ్ముణ్ణి కాపాడబోయి అన్న తెచ్చుకునేది తప్పుడు సమాచారం ఇచ్చిన నేరం.

ఓ.పి. ఆస్పత్రి ఓ.పి. కాదు. కోర్టు గుమాస్తాలు ‘ఎం.వి.ఓ.పి.’ అనే ఒరిజినల్ పిటిషన్, పరిహారం కేసు అన్నమాట. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166 కింద ట్రిబ్యునల్లో వేయాలి. ప్రమాదం జరిగిన చోటే వేయాలన్న నియమం లేదు. హైదరాబాదులో పనికి వెళ్లి చనిపోయిన శ్రీకాకుళం కూలీ కుటుంబం శ్రీకాకుళంలోనే వేసుకోవచ్చు. గడువు ఆరు నెలలు. 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన ఈ గడువును సుప్రీంకోర్టులో సవాలు చేశారు, అయినా ఆ సవాలును నమ్ముకుని కాలయాపన చేయడం తెలివి కాదు. ఎఫ్‌ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, ఛార్జిషీటు, బండిని పరీక్షించిన ఎం.వి.ఐ. (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రిపోర్టు, ఈ కట్ట మీదే ఓ.పి. నిలబడుతుంది. నకలు దాచుకోమన్నది అందుకే.

తప్పెవరిదో తేల్చకుండానే మృతికి అయిదు లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు ఇచ్చే సెక్షన్ 164 కూడా ఉంది. అది పుచ్చుకుంటే 166 దారి మూసుకుపోతుంది. ఆ అయిదు లక్షలకు ఎదురుగా ఎంత వదులుకుంటున్నారో కింది లెక్క చూస్తే తెలుస్తుంది.

మల్టిప్లయర్. అన్ని మాటల్లోకీ జనానికి తెలియనిది, తెలియాల్సింది ఇదే. ‘ప్రాణానికి వెల కడతారా’ అని కోపం వస్తుంది. కట్టేది ప్రాణానికి కాదు, ఆగిపోయిన సంపాదనకు. సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో వయసుల వారీగా ఒక పట్టిక ఇచ్చింది. 2017లో ప్రణయ్ సేథీ కేసులో రాబోయే రోజుల్లో పెరగబోయే ఆదాయాన్ని ఎలా కలపాలో చెప్పింది. మన మేస్త్రికి నెలకు 15,000 అనుకుందాం. నలభై లోపు వయసు, సొంత పని, కాబట్టి 40 శాతం కలిపితే 21,000. ఏడాదికి 2,52,000. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి, నలుగురు ఆధారపడ్డారు గనుక అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 1,89,000. ముప్పై నాలుగేళ్లకు పట్టికలో అంకె 16. హెచ్చవేస్తే 30,24,000. అంత్యక్రియల ఖర్చు, భర్తను కోల్పోయిన లోటు వంటివి దీనికి అదనం.

చిక్కంతా మొదటి అంకెలో ఉంది. మేస్త్రికి జీతం చీటీ ఎక్కడిది? పని చేయించిన కాంట్రాక్టరు వచ్చి సాక్ష్యం చెప్పకపోతే ఆ 15,000 ఎనిమిదో తొమ్మిదో వేలకు జారుతుంది, మొత్తం దాదాపు సగానికి పడిపోతుంది. అలాగని ఆదాయం చూపలేని గృహిణి చనిపోతే పరిహారం సున్నా కాదు. ఆమె ఇంటి పనికి విలువ కట్టాలని 2021లో సుప్రీంకోర్టు మరోసారి చెప్పింది.

శాతం. మేస్త్రి బతికి, కుడిచేయి పనికిరాకుండా పోయిందనుకుందాం. డాక్టరు సర్టిఫికెట్లో 45 శాతం వైకల్యం అని రాస్తాడు. అది చేతి లెక్క. గోడ కట్టేవాడికి కుడిచేయి పోతే సంపాదన 45 శాతమే పోతుందా? గుమాస్తాకైతే వేరే లెక్క, మేస్త్రికి వేరే లెక్క అని 2010 నాటి రాజ్‌కుమార్ తీర్పు చెబుతుంది. వకీలుతో ఈ మాట ఒక్కటైనా గట్టిగా మాట్లాడుకోవాలి.

కొట్టేశారు. డ్రైవరు మీద క్రిమినల్ కేసు కొట్టేస్తే ‘ఇక మనకేం రాదు’ అని మేస్త్రి అత్తగారు కూలబడుతుంది. పొరపాటు. క్రిమినల్ కోర్టులో అనుమానానికి తావు లేకుండా రుజువు కావాలి, ఏ కొంచెం సందేహమున్నా లాభం ముద్దాయిదే. ట్రిబ్యునల్లో త్రాసు ఏ వైపు మొగ్గిందన్నదే ప్రశ్న. అక్కడ ఓడి ఇక్కడ గెలిచిన కుటుంబాలు ఉన్నాయి.

రాజీ. పెద్దమనుషుల దగ్గర కూర్చుని రెండు మూడు లక్షలకు తెల్లకాగితం మీద రాసుకునేది ఒక రాజీ. 106 కింది నేరం కోర్టులో రాజీపడదగిన జాబితాలో లేదు కాబట్టి, ఆ కాగితంతో కేసు ఆగదు. అందుకని సాక్షులు ఎదురు తిరుగుతారు, ‘నేను చూడలేదు’ అంటారు. రేపు ఓ.పి.లో బీమా కంపెనీ వకీలు చదివి వినిపించేది ఆ వాంగ్మూలాన్నే. లోక్ అదాలత్‌లో ఓ.పి.ని పరిష్కరించుకోవడం వేరే సంగతి. అది చట్టబద్ధం, డబ్బు త్వరగా చేతికొస్తుంది. కాకపోతే దాని మీద అప్పీలు లేదు. సంతకానికి ముందే మల్టిప్లయర్ లెక్క ఒకసారి వేసి చూసుకోవాలి.

పర్సంటేజీ. అమెరికాలో ఉన్న మేనల్లుడు ఫోన్ చేసి ‘గెలిస్తేనే ఫీజు అని మాట్లాడుకో అత్తయ్యా’ అంటాడు. అక్కడ గాయాల కేసుల్లో అది మామూలే. ఇక్కడ ఫలితాన్ని బట్టి వచ్చేదాంట్లో వాటా మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. అయినా నోటిమాట మీద పావలా వంతు, మూడో వంతు నడుస్తున్న చోట్లు ఉన్నాయని కోర్టు బయట టీ కొట్టువాడు సైతం చెబుతాడు. ఫీజు ఎంతో ముందే కాగితం మీద రాయించుకోవాలి. పరిహారం చెక్కు, డిపాజిట్ రసీదు భార్య పేరనే, ఆమె ఖాతాలోకే రావాలి.